బాడుగ షరతు తప్పినప్పుడు హెచ్చరిక లేఖ ఎలా రాయాలి: తిరుపతి ఇంటి ఓనర్లకు

తిరుపతిలో మిద్దె మీద ఒక పోర్షన్ వేసి బాడుగకు ఇచ్చిన ఓనరుకు ఏదో ఒక రోజు ఈ పని తప్పదు. బాడుగ వరుసగా రెండు నెలలు సగం సగమే వస్తుంది. నలుగురుంటామని చెప్పిన కుర్రాళ్లు ఎనిమిదిమంది అవుతారు. లేదంటే ‘మా చుట్టాలు దర్శనానికొచ్చారు’ అనే మాట ప్రతి శనివారం వినిపిస్తుంది, చుట్టాల ముఖాలు మాత్రం వారం వారం మారిపోతుంటాయి. నోటితో రెండుసార్లు చెప్తారు, మూడోసారి గొంతు పెరుగుతుంది, ఆ కోపంలోనే ఒక కాగితం రాసి తలుపు సందులోంచి తోసేస్తారు. తర్వాత కోర్టులో అవతలి లాయరు చూపించేది ఆ కాగితాన్నే.

ఈ లేఖను ఇద్దరు చదువుతారు. ఒకరు ఇవాళ మీ ఇంట్లో ఉంటున్నవాళ్లు. రెండోవారు మీరెవరో, వాళ్లెవరో తెలియని మనిషి: రేపు గొడవ పెరిగితే దీన్ని చేతిలోకి తీసుకునే జడ్జి గానీ, లోక్ అదాలత్‌లో కూర్చునే మధ్యవర్తి గానీ. మొదటివారికి ఏం చేయాలో తెలియాలి, రెండోవారికి ఏం జరిగిందో అర్థం కావాలి. ఈ రెండింటికీ పనికిరాని ప్రతి వాక్యాన్నీ కొట్టేయవచ్చు.

పెన్ను పట్టుకునే ముందు ఒకటి తేల్చుకోండి. మీకు కావలసింది వాళ్లు పద్ధతి మార్చుకోవడమా, ఇల్లు ఖాళీ చేయడమా? దీనికీ దానికీ వేరు వేరు కాగితాలు. హెచ్చరిక లేఖ ‘ఇది మన ఒప్పందానికి విరుద్ధం, ఫలానా తేదీలోగా సరిచేయండి’ అంటుంది. ఖాళీ చేయమనే నోటీసు లీజునే ముగిస్తుంది. ఆస్తి బదిలీ చట్టం 1882లోని సెక్షన్ 106 ప్రకారం, ఒప్పందంలో వేరే మాట లేకపోతే, నివాసానికి ఇచ్చిన నెలవారీ బాడుగను ముగించడానికి 15 రోజుల నోటీసు రాతపూర్వకంగా, సంతకంతో ఇవ్వాలి. అది లాయరు చేత రాయించాల్సిన కాగితం. చాలామంది రెండింటినీ కలిపేసి, ‘ఇకనైనా మారండి, లేదంటే నెలాఖరుకు ఖాళీ చేయండి, ఉండాలంటే బాడుగ రెండు వేలు పెంచండి’ అని ఒకే ఊపులో రాస్తారు. చదివినవాళ్లకు అందులో ఒక్కటే కనబడుతుంది: ఈయనకు బాడుగ పెంచాలని ఉంది, దానికో సాకు దొరికింది. హెచ్చరిక లేఖలో బాడుగ పెంపు మాట ఎత్తనే ఎత్తకండి.

ముందు అగ్రిమెంట్ బయటికి తీయండి

మనకు గుర్తున్న షరతులు వేరు, కాగితం మీద ఉన్నవి వేరు. బీరువాలోంచి అగ్రిమెంట్ తీసి మొదటి నుంచి చివరిదాకా చదవండి. వాళ్లు తప్పిన షరతు ఎన్నో నంబరులో ఉంది, అందులో ఏ మాటలు వాడారు అన్నది ఒక కాగితం మీద రాసుకోండి.

సంతకాలు ఎవరెవరివో కూడా చూడండి. ఇల్లు మీ అమ్మగారి పేర ఉండి అగ్రిమెంట్ ఆమె చేసి ఉంటే, లేఖ ఆమె పేరుతో, ఆమె సంతకంతోనే వెళ్లాలి. వ్యవహారమంతా చూసేది మీరే కావచ్చు, ఒప్పందం మాత్రం ఆమెది. అలాగే ఎస్వీ యూనివర్సిటీ, పద్మావతి యూనివర్సిటీ వైపు ఒక్కో ఇంట్లో నలుగురైదుగురు విద్యార్థులు కలిసి ఉంటారు. అగ్రిమెంట్ మీద ఎవరు సంతకం పెట్టారో వాళ్లకే రాయాలి, ముగ్గురు పెడితే ముగ్గురికీ. మిగతావాళ్లు ఎంత అల్లరి చేసినా మీకు జవాబు చెప్పాల్సింది సంతకం పెట్టినవాళ్లే.

ఇక రాయని షరతుల సంగతి. మన ఊళ్లో ‘మాంసం వండకూడదు’ అన్న మాటను ఇల్లు చూపించేటప్పుడే చెప్పేసి, అగ్రిమెంట్‌లో రాయడం మరిచిపోయే ఓనర్లు ఎంతోమంది. కాగితం మీద లేనిదాన్ని షరతు ఉల్లంఘన అని రాయకండి. కావాలంటే పిలిచి మాట్లాడండి, లేదా వచ్చే అగ్రిమెంట్‌లో చేర్చండి. హెచ్చరిక లేఖలో ఇలాంటిది ఒక్కటి దూరిందంటే, నిజంగా షరతు తప్పిన మిగతా నాలుగు విషయాలూ పలచబడిపోతాయి.

కాగితం మీద లేకపోయినా చట్టమే బాడుగదారు మీద పెట్టిన బాధ్యతలు కొన్ని ఉన్నాయి. ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 108 చూస్తే, మామూలు వాడకం వల్ల వచ్చే అరుగుదల తప్ప ఇంటిని తీసుకున్నప్పటి మంచి స్థితిలోనే ఉంచాలి, ఏ పనికి తీసుకున్నారో ఆ పనికే వాడాలి, ఓనరు ఒప్పుకోకుండా శాశ్వత కట్టడం కట్టకూడదు. ఇదే సెక్షన్‌లో ఓనర్లకు మింగుడుపడనిది కూడా ఒకటి ఉంది: ఒప్పందంలో నిషేధం లేకపోతే బాడుగదారు ఇంటిని వేరేవాళ్లకు బాడుగకు ఇచ్చుకోవచ్చు. అందుకే సబ్‌లీజు మీద లేఖ రాయాలనుకుంటే, ఆ నిషేధం మీ అగ్రిమెంట్‌లో ఉందో లేదో రెండుసార్లు చూసుకోండి.

రిజిస్ట్రేషన్ గురించి ఒక్క మాట. రిజిస్టర్ చేయాల్సిన లీజును చేయకుండా వదిలేస్తే, రిజిస్ట్రేషన్ చట్టం 1908లోని సెక్షన్ 49 వల్ల ఆ కాగితంలోని షరతులను కోర్టులో నిరూపించుకోవడం కష్టమవుతుంది. స్టాంపు కాగితం మీద 11 నెలలని వేసుకుంటే అన్నీ సరిపోయినట్టేనన్న నమ్మకం మనవాళ్లలో గట్టిగా ఉంది. దాన్ని ఒకసారి లాయరు ముందు పెట్టి చూడండి. అలాగని లేఖ మానుకోవద్దు. అగ్రిమెంట్ బలహీనంగా ఉన్నచోట తేదీ, సంతకం ఉన్న లేఖలే మీ పక్షాన మాట్లాడతాయి.

ఏం జరిగిందో తేదీలతో రాసిపెట్టుకోండి

ఇక్కడ తొందరపడితే మిగతాదంతా వృథా. ‘ఎప్పుడూ ఆలస్యమే’, ‘రోజూ గోలే’ అనేవి ఫిర్యాదులు మాత్రమే, వాటితో ఏమీ రుజువు కాదు. ఏ తేదీ, ఎన్ని గంటలకు, మీరు కళ్లారా చూసిందేమిటి, ఎవరో చెప్పగా విన్నదేమిటి అని విడివిడిగా రాయండి. బాడుగ బాకీ అయితే నెలవారీ లెక్క చాలు. ఉదాహరణకు నెల బాడుగ 12,000 అనుకుంటే: సెప్టెంబరుకు వచ్చింది 8,000, బాకీ 4,000, అక్టోబరుకు ఏమీ రాలేదు, బాకీ 12,000, మొత్తం 16,000. బ్యాంకు స్టేట్‌మెంట్‌తోనూ ఫోన్‌పే లెక్కతోనూ సరిచూసుకున్నాకే ఈ అంకె లేఖలోకి వెళ్లాలి. అంకెలో అయిదొందల తేడా ఉన్నా సరే, అవతలివాళ్లు దాన్నే పట్టుకుని వేలాడతారు.

దర్శనానికి వచ్చేవాళ్ల విషయం మన ఊరికే ప్రత్యేకం కాబట్టి కొంచెం ఆగి చూద్దాం. తిరుపతిలో కాపురం పెట్టిన ఎవరింటికైనా చుట్టాలు వస్తారు. బ్రహ్మోత్సవాలకు వస్తారు, వైకుంఠ ఏకాదశికి వస్తారు, పిల్లాడికి గుండు కొట్టించడానికి ఏ నెలలోనైనా వస్తారు. ఒక కుటుంబం నెలకు మూడుసార్లు చుట్టాలను పెట్టుకుందని హెచ్చరిక రాస్తే అది చదివినవాళ్లు మిమ్మల్నే చూసి నవ్వుతారు. అసలు ఉల్లంఘన వేరే ఉంది: కుటుంబం ఉండటానికని ఇల్లు తీసుకుని, యాత్రికులకు రోజు లెక్కన గదులిచ్చి డబ్బు తీసుకోవడం. అలిపిరికి, బస్టాండుకు దగ్గర ఇళ్లలో ఈ ఆశ పుట్టడం సహజమే. రెండు రాత్రుల సొమ్ము చూస్తే నెల బాడుగలో మంచి భాగం కనిపిస్తుంది మరి.

చుట్టాలెవరు, గిరాకీ ఎవరు అన్నది తేల్చేది డబ్బు, ప్రకటన. బుకింగ్ యాప్‌లో మీ ఇంటి ఫొటోలు ఉన్నాయా? ఉంటే తేదీ కనబడేలా స్క్రీన్‌షాట్ తీసి ప్రింటు వేయించండి. ఆటో డ్రైవర్లు నేరుగా మీ గేటు దగ్గరికి జనాన్ని తెచ్చి దింపుతున్నారా? వచ్చినవాళ్లలో ఎవరైనా ‘రూముకు ఇంత ఇచ్చాం’ అని మీతో అన్నారా? అంటే ఆ మాట, ఆ తేదీ రాసుకోండి. గేటు దగ్గర, మెట్ల దగ్గర మీ కెమెరా ఉంటే ఆ రికార్డింగ్ చెరిగిపోకముందే వేరే చోట దాచండి. వాళ్ల తలుపు వైపు, కిటికీ వైపు కెమెరా తిప్పడం, వాళ్లు లేనప్పుడు డూప్లికేట్ తాళంచెవితో లోపలికి వెళ్లి ఫొటోలు తీయడం మాత్రం చేయకండి. అలా చేస్తే అప్పటిదాకా వాళ్ల వైపున్న తప్పు మీ వైపుకు తిరుగుతుంది.

దీనికి కరెంటు చిక్కు కూడా ఉంది. మీటరు మీ పేరు మీద, ఇంటి కేటగిరీలో ఉంటుంది. అక్కడ లాడ్జి వ్యాపారం నడుస్తున్నట్టు తనిఖీలో తేలితే, విద్యుత్ చట్టం 2003లోని సెక్షన్ 126 కింద రెట్టింపు టారిఫ్‌తో లెక్క వేస్తారు. ఎస్‌పీడీసీఎల్ కాగితం వచ్చేది మీటరున్న పేరుకే. ఇది మీకు నిజంగా నష్టం తెచ్చే విషయం కాబట్టి లేఖలో ఒక వాక్యంలో చెప్పుకోవచ్చు.

కాగితం కంటే ముందు ఒక మాట

నేరుగా లేఖ పంపితే చాలామంది మనసు కష్టపెట్టుకుంటారు, నిజం చెప్పాలంటే వాళ్ల తప్పు కూడా కాదది. స్విమ్స్‌లోనో రుయాలోనో డ్యూటీ చేసి రాత్రి ఇంటికొచ్చిన మనిషికి తలుపు దగ్గర నోటీసు కనిపిస్తే ఎలా ఉంటుంది? ముందు ఎదురుగా కూర్చుని మాట్లాడండి. గేటు దగ్గర నిలబడి, పక్కింటివాళ్లు వింటుండగా కాదు. మాట్లాడిన రోజే వాట్సాప్‌లో చిన్న మెసేజ్ పెట్టండి: ‘సార్, పొద్దున మాట్లాడుకున్నట్టు, మిగిలిన 4,000 ఈ నెల 20లోగా ఇస్తామన్నారు. గుర్తుకోసం రాస్తున్నాను.’ అవతలినుంచి ‘సరే’ అని వస్తే సగం పని అయిపోయినట్టే. చాలా గొడవలు ఇక్కడే ఆగిపోతాయి కూడా.

ఆ చాట్‌ను చెరిపేయకండి, మెసేజ్‌లు వాటంతట అవే మాయమయ్యే సెట్టింగ్ ఉంటే తీసేయండి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 ప్రకారం, ఫోన్‌లోని మెసేజ్‌ల ప్రింటును కోర్టులో పెట్టాలంటే దానితోపాటు ఒక సర్టిఫికెట్ ఇవ్వాలి. ఆ పని లాయరు చూసుకుంటారు, అసలు చాట్ ఉన్న ఫోన్ మాత్రం మీ దగ్గర ఉండాలి.

ఇప్పుడు లేఖ

చెప్పిన గడువు దాటినా మార్పు లేకపోతే అప్పుడు రాయండి. ఒక పేజీ మించకూడదు. ఒక లేఖలో ఒకే రకం ఉల్లంఘన ఉండటం మేలు. బాడుగ బాకీ, పార్కింగు, మిద్దె మీద బట్టలు అన్నీ కలిపితే ఏది ముఖ్యమో తెలియదు. యాత్రికులకు గదులిస్తున్న సందర్భానికి నేనైతే ఇలా రాస్తాను. పేర్లు, నంబర్లు, తేదీలు మీవి వేసుకోండి.

తిరుపతి,
17-11-2025

శ్రీ .................. గారికి,
మొదటి అంతస్తు, ఇంటి నంబరు ........, కొర్లగుంట, తిరుపతి.

విషయం: 01-03-2025 నాటి బాడుగ అగ్రిమెంట్‌లోని 7వ షరతుకు విరుద్ధంగా ఇంటిని రోజు బాడుగకు ఇవ్వడం గురించి.

అయ్యా,

పై ఇంటిని మీ కుటుంబం నివసించడానికి నెలకు రూ. 12,000 బాడుగ చొప్పున 01-03-2025 నుంచి మీకు ఇచ్చాను. నా రాతపూర్వక అనుమతి లేకుండా ఇంటిని పూర్తిగా గానీ కొంత భాగం గానీ ఇతరులకు ఇవ్వకూడదని, నివాసానికి తప్ప వేరే పనికి వాడకూడదని అగ్రిమెంట్‌లోని 7వ షరతులో ఉంది.

08-11-2025 శనివారం రాత్రి ఆరుగురు, 15-11-2025 శనివారం రాత్రి వేరే ఐదుగురు మీ పోర్షన్‌లో బస చేశారు. 16వ తేదీ ఉదయం వారిలో ఒకరు, ఒక రాత్రికి మీకు రూ. 1,500 ఇచ్చినట్టు నాతో చెప్పారు. ఈ ఇంటి ఫొటోలతో బుకింగ్ యాప్‌లో ఉన్న ప్రకటన నకలు జత చేస్తున్నాను. ఈ విషయం 09-11-2025న మీతో మాట్లాడాను, అదే రోజు వాట్సాప్‌లో కూడా తెలియజేశాను.

ఇది 7వ షరతుకు విరుద్ధం. కాబట్టి రోజు బాడుగకు ఇవ్వడం వెంటనే ఆపవలసిందిగా, 24-11-2025లోగా ఆ ప్రకటనను తీసివేయవలసిందిగా, ఈ రెండూ చేసినట్టు 30-11-2025లోగా నాకు రాసి ఇవ్వవలసిందిగా కోరుతున్నాను.

మీ బంధుమిత్రులు దర్శనానికి వచ్చి మీతో ఉండటానికి నాకు అభ్యంతరం లేదు. పై వివరాల్లో ఏదైనా సరికాదని మీరు అనుకుంటే 30-11-2025లోగా రాతపూర్వకంగా తెలపండి.

గడువులోగా సరిచేయకపోతే అగ్రిమెంట్ ప్రకారం, చట్టం ప్రకారం నాకున్న హక్కుల మేరకు తదుపరి చర్య తీసుకుంటాను. ఈలోగా బాడుగ తీసుకున్నంత మాత్రాన ఈ అభ్యంతరాన్ని వదులుకున్నట్టు కాదు.

ఇట్లు,
(సంతకం, పేరు)

జతపరచినవి: అగ్రిమెంట్‌లో 7వ షరతు ఉన్న పేజీ నకలు, ప్రకటన నకలు.

ఈ లేఖలో ఏ తప్పు జరిగింది, దాన్ని సరిచేయడానికి ఏం చేయాలి, ఎంత గడువు అన్న మూడూ ఉన్నాయి. కేవలం మర్యాద కోసం పెట్టినవి కావు ఇవి. షరతు తప్పినందుకు లీజు పోయిందని తర్వాత కోర్టుకు వెళ్లాలంటే, ఏ ఉల్లంఘనో చెప్పి, సరిదిద్దగలిగినదైతే సరిదిద్దమని రాతపూర్వకంగా అడిగి, తగినంత సమయం ఇవ్వాలని ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 114ఎ చెబుతుంది. సబ్‌లీజు నిషేధానికి, బాడుగ బాకీకి ఆ సెక్షన్ వర్తించదు. అయినా ఏ లేఖకైనా ఇదే అచ్చు వాడండి. గడువు కూడా చేయగలిగేలా ఉండాలి. గోల ఆపడానికి ఒక రోజు చాలు. గోడకు కొట్టిన పెద్ద కంత పూడ్చి రంగు వేయించడానికి రెండు మూడు వారాలు పడుతుంది. ‘24 గంటల్లో’ అని రాస్తే గట్టిగా ఉన్నట్టు కనిపిస్తుంది కానీ, అది జరగదని రాసిన మీకూ తెలుసు, చదివిన వాళ్లకూ తెలుసు.

‘ఏదైనా సరికాదనుకుంటే రాతపూర్వకంగా తెలపండి’ అన్న వాక్యాన్ని చాలామంది ఓనర్లు తీసేయమంటారు, మనమే దారి చూపిస్తున్నట్టుందని. ఉంచండి. వాళ్లు జవాబు రాస్తే వాళ్ల వాదనేమిటో ముందే తెలుస్తుంది. రాయకపోతే ఆ మౌనం కూడా రికార్డులో ఉంటుంది.

బాడుగ బాకీ లేఖకు ఇంత అక్కర్లేదు. షరతు నంబరు, నెలవారీ లెక్క, మొత్తం, ఏ ఖాతాకు ఎప్పటిలోగా వేయాలి అంతే. ‘అడ్వాన్సులో కోసుకోండి’ అనే జవాబు తప్పకుండా వస్తుంది. అగ్రిమెంట్‌లో అడ్వాన్సును ఖాళీ చేసేటప్పుడే లెక్క చూస్తామని ఉంటే, ఆ షరతును లేఖలోనే ముందుగా గుర్తుచేయండి.

కొట్టేయాల్సిన వాక్యాలు

రాసిన లేఖను ఒక రాత్రి పక్కన పెట్టి మర్నాడు చదవండి. ‘మీలాంటివాళ్లకు ఇల్లివ్వడమే మా పొరపాటు’ కొట్టేయాలి. ‘మీ సంస్కారం ఇదేనా’ కొట్టేయాలి. కులం, మతం, ఊరు, భాష, పెళ్లి కాని ఆడపిల్లల ఇంటికి ఎవరు వస్తున్నారు అనేవి ఎంత చుట్టు తిప్పి రాసినా సరే, పూర్తిగా పోవాలి. ‘పోలీసులతో ఖాళీ చేయిస్తాం’ అన్నదీ పనికిరాదు. ఇది సివిల్ వ్యవహారం, ఖాళీ చేయించే అధికారం కోర్టుది. దెబ్బలాట, బెదిరింపు, దొంగతనం వంటివి జరిగితే స్టేషన్‌కు వెళ్లడం వేరే సంగతి.

‘కరెంటు తీసేస్తాం, నీళ్లు ఆపేస్తాం, తాళం వేస్తాం’ అని రాయకండి, రాయకుండా చేయనూ చేయకండి. కోర్టు ద్వారా కాకుండా బలవంతంగా బయటికి పంపితే, స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 1963లోని సెక్షన్ 6 కింద వాళ్లు ఆరు నెలల్లోపు దావా వేసి ఇల్లు తిరిగి స్వాధీనం చేసుకోవచ్చు. అక్కడ మీరే ఓనరన్న వాదన కూడా అక్కరకు రాదు.

భాష సంగతికొస్తే, దస్తావేజు రైటర్ల పద్ధతిలో ‘ఇందుమూలముగా తెలియజేయునదేమనగా’ అని మొదలుపెడితే బరువుగా ఉంటుందనుకుంటారు. ఆ బరువు వల్ల అసలు అడిగిందేమిటో మూడో పేరాలో గానీ తేలదు. మామూలు తెలుగులో రాయండి. బాడుగకు ఉన్నవాళ్లు తమిళంవాళ్లో, ఉత్తరాది నుంచి చదువుకోవడానికి వచ్చినవాళ్లో అయితే ఇంగ్లిషులో రాసి పంపండి. అర్థం కాని భాషలో ఇచ్చారన్న మాట రాకూడదు.

చేతికి అందినట్టు రుజువు ఉండాలి

రెండు కాపీలు తీయండి. ఒకటి చేతికిచ్చి, రెండోదాని మీద ‘అందింది’ అని సంతకం, తేదీ పెట్టించుకోవడం అన్నిటికంటే సులువు. పెట్టనంటే వాదించకండి. అదే రోజు పోస్టాఫీసుకు వెళ్లండి. పాత రిజిస్టర్డ్ పోస్టును 2025లో స్పీడ్ పోస్టులో కలిపేశారు. ఇప్పుడు కౌంటర్లో స్పీడ్ పోస్టుకు రిజిస్ట్రేషన్ కావాలని, అందినట్టు రుజువు కూడా కావాలని విడిగా అడగాలి. అడ్రసులో పోర్షన్, అంతస్తు, పిన్‌కోడ్ సరిగా ఉండాలి. సరైన అడ్రసుకు రిజిస్టర్ చేసి పంపిన ఉత్తరం అందినట్టే భావించాలని జనరల్ క్లాజెస్ చట్టం 1897లోని సెక్షన్ 27 చెబుతుంది. అందుకే ‘తీసుకోవడానికి నిరాకరించారు’ అన్న రాతతో కవరు తిరిగొచ్చినా కంగారు పడనక్కర్లేదు. ఆ కవరును చింపకుండా అలాగే దాచండి.

పోస్టాఫీసు రసీదు మీద సిరా కొన్నాళ్లకు చెరిగిపోతుంది. ఆ రోజే జిరాక్స్ తీయించి, ట్రాకింగ్ పేజీ కూడా ప్రింటు వేసి లేఖ కాపీకి పిన్ను చేయండి.

అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో లేఖ ఫొటో పెట్టకండి. తలుపుకు అంటించి నలుగురికీ చూపించడం కూడా హెచ్చరిక దశలో అక్కర్లేదు. విద్యార్థుల విషయంలో వాళ్ల నాన్నగారు అగ్రిమెంట్ మీద పూచీగా సంతకం పెట్టి ఉంటే ఆయనకో కాపీ పంపవచ్చు. సంతకం లేని తల్లిదండ్రులకు, ఉద్యోగస్తుల ఆఫీసుకు ఫోన్ చేసి చెప్పడం పరువు తీయడమే అవుతుంది.

లేఖ వెళ్లాక

గడువు తేదీ మర్నాడు చూడండి. సరిచేసి ఉంటే, ‘మీ 28వ తేదీ జవాబు అందింది, ప్రకటన తీసేసినట్టు చూశాను, ధన్యవాదాలు’ అని రెండు వాక్యాలు పంపండి. ఓనర్లు ఈ పని చేయరు. పై పోర్షన్‌లో ఉన్నవాళ్లతో మళ్లీ మామూలుగా పలకరించుకోవడానికి ఇది బాగా పనికొస్తుంది. పైగా ఆరు నెలల తర్వాత అదే తప్పు మళ్లీ జరిగితే, మీరు ఒకసారి సర్దుకున్నారన్నదీ కాగితం మీద ఉంటుంది.

సరిచేయకపోతే రెండో లేఖ. అందులో మొదటి లేఖ తేదీ, గడువు తర్వాత కూడా జరిగిన కొత్త సంఘటనలు, చివరి గడువు ఉండాలి. మూడోది ఉండకూడదు. హెచ్చరికలు అయిదారు పంపుతూ పోతే ఓనరు ఏమీ చేయడన్న ధైర్యం వాళ్లకు వచ్చేస్తుంది.

ఇక్కడ బాడుగ సొమ్ముతో జాగ్రత్త. ఒప్పందంలో ఉన్న హక్కు ప్రకారం షరతు తప్పినందుకు లీజు రద్దయిందని ఒకసారి నోటీసు ఇచ్చేశాక, ఆ తర్వాతి కాలానికి బాడుగ తీసుకుంటే, ఉల్లంఘన తెలిసే వదిలేసినట్టుగా ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 112 కింద అవతలివాళ్లు వాదించవచ్చు. ఫోన్‌పేలో డబ్బు దానంతట అదే వచ్చి పడుతుంది, మీరు వద్దనేలోపే. కాబట్టి ఆ దశకు వచ్చేసరికి లాయరు మీ వెంట ఉండాలి, వచ్చిన ప్రతి సొమ్ముకూ ఏ లెక్కలో జమ చేసుకున్నారో చెబుతూ, మీ అభ్యంతరం అలాగే ఉందని మెసేజ్ వెళ్లాలి. కేసు ఏ కోర్టుకు వెళ్లాలి, రాష్ట్ర అద్దె చట్టం మీ ఇంటికి ఎలా వర్తిస్తుంది అన్నవి కూడా ఆయన కాగితాలు చూసి చెప్పాల్సినవి.

కోర్టు కంటే ముందు లోక్ అదాలత్ ఉంది. కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థలో కేసు వేయకముందే దరఖాస్తు పెట్టుకోవచ్చు, కోర్టు ఫీజు ఉండదు. ఇద్దరూ రాజీపడితే అక్కడ ఇచ్చే తీర్పుకు (దాన్నే అవార్డు అంటారు) సివిల్ కోర్టు డిక్రీకి ఉన్నంత విలువ ఉంటుంది. వివరాలకు 15100కి ఫోన్ చేయవచ్చు. బాకీ వాయిదాల్లో తీర్చుకుంటామనే కేసులకు, ఫలానా తేదీకి ఖాళీ చేస్తామనే కేసులకు నా ఓటు దీనికే. అవతలివాళ్లు మీరు పంపిన లేఖలు చూశాక రాజీకి రావడం మరీ సులువు.

గొడవ సర్దుకుని వాళ్లే కొనసాగుతుంటే, తర్వాతి అగ్రిమెంట్‌లో ఈ షరతు కలపండి. చుట్టాల పేరుతో మళ్లీ పేచీ రాకుండా ఉంటుంది: ‘బాడుగదారు బంధుమిత్రులు డబ్బు చెల్లించకుండా అతిథులుగా ఒక విడతకు ఏడు రోజుల వరకు ఉండవచ్చు. రోజు, వారం లెక్కన డబ్బు తీసుకుని ఎవరికైనా బస ఇవ్వడం, అందుకోసం యాప్‌లో గానీ బోర్డు ద్వారా గానీ ప్రకటన ఇవ్వడం ఈ ఒప్పందానికి విరుద్ధం. రాతపూర్వకంగా తెలిపిన 15 రోజుల్లో సరిచేయకపోతే లీజును రద్దు చేసి ఇంటిని తిరిగి స్వాధీనం చేసుకునే హక్కు ఓనరుకు ఉంటుంది.’ ఏడు రోజులన్నది మీ ఇద్దరికీ కుదిరినట్టు మార్చుకోండి.